ఎడమ కొస

పోయిన వారం కథ మధ్యలో నన్ను మేనేజరు అద్దాల గదిలో నిలబెట్టి మీరంతా మీ పనుల మీద వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఉన్నాను. గుప్పిట్లో ఆయన ఇచ్చిన నీలం బిళ్ళ, దాని మీద లైన్ లీడర్ అన్న అక్షరాలు. అద్దం అవతల గోడకు ఆరు పేర్ల జాబితా. అందులో మొట్టమొదటి పేరు మా తోటికోడలిది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మాది ఆస్పత్రుల బట్టలు ఉతికే పెద్ద లాండ్రీ. ఇస్త్రీ హాల్లో ఆరు రోలర్లు ఉన్నాయి. రోలరు నుంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికి వస్తుంటే ఇద్దరు మనుషులు చెరో కొస అందుకుని, కలిపి, మడిచి, దొంతరలో పెట్టాలి. రెండో రోలరు దగ్గర పదకొండేళ్ళుగా కుడి కొస నాది, ఎడమ కొస మా అక్కది. అక్క అంటే మా బావగారి భార్య. హాల్లో ఆమె పెద్దక్క, నేను చిన్నక్క. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సులో వస్తాం, ఆరేళ్ళుగా మాట్లాడుకోం. కూరలో ఉప్పు తక్కువైతే, నేను పక్కనే నిలబడి ఉండగా, తన కూతురితో "మీ పిన్నికి చెప్పు" అంటుంది. నేనూ తక్కువ తినలేదు, ఆ పిల్లతోనే జవాబు పంపుతాను.

రెండు నెలల కిందట మా అందరి చేతులకూ పట్టీలు తొడిగారు. ఎవరు ఎంత పని చేస్తున్నారో అవే చెబుతాయన్నారు. చెప్పాయి. గంటకు నేను తొంభై దుప్పట్లు మడుస్తున్నానట, అక్క తొమ్మిది మడుస్తోందట. అందుకని నాకు బిళ్ళ, జాబితాలోని మిగతా ఐదుగురితో పాటు ఆమెకు రేపటి నుంచి మురికి గది. ఆస్పత్రుల నుంచి వచ్చిన సంచులు విప్పి, రక్తాలూ వాంతులూ అంటిన బట్టలు వేరుచేసే గది అది. ఒక్కో సంచి పాతిక కిలోలు ఉంటుంది. అక్కకు యాభై నాలుగేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆ గదికి పంపిన పెద్దవాళ్ళెవరూ రెండో నెల చూడలేదు, వాళ్ళంతట వాళ్ళే మానేశారు. మేనేజరుకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

"పెట్టుకోమ్మా బిళ్ళ, అలా చూస్తావేంటి" అన్నాడాయన.

"సార్, దుప్పటి ఒక్కరే మడవగలరా?"

"అదేం ప్రశ్న?"

"ఇద్దరం కలిసి పట్టుకుంటే తొంభై నావి, తొమ్మిది ఆవిడవి ఎలా అయ్యాయో నాకు అర్థం కాలేదు. మిగతావాటికి ఎడమ కొస ఎవరు పట్టుకున్నట్టు?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. చదువు రానివాళ్ళకు ఓపికగా చెబుతున్నానన్న ముఖం ఒకటి ఉంటుంది కదా, అది పెట్టాడు. "చూడమ్మా, నువ్వూ నేనూ మొహమాటపడతాం. మనవాళ్ళు, పెద్దవాళ్ళు అనుకుంటాం. యంత్రానికి అవేమీ ఉండవు. ఉన్నదున్నట్టు చెబుతుంది."

"అయితే ఒక్క గంట ఇవ్వండి. నేను ఎడమవైపు నిలబడతాను, అక్క కుడివైపు నిలబడుతుంది. ఉన్నదున్నట్టు చెప్పమనండి."

ఒప్పుకున్నాడు. అది మంచితనం అనుకోకండి. కొత్త వస్తువు కొన్నవాడికి దాన్ని నలుగురి ముందూ చూపించుకోవాలని ఉంటుంది. పట్టీల కంపెనీ పంపిన ఇంజనీరు ఆ రోజు హాల్లోనే ఉంది. మేం కంప్యూటరమ్మాయి అంటాం. ఆ అమ్మాయిని పిలిచి, రెండో రోలరు అంకెలు గోడ మీది పెద్ద తెరకు ఎక్కించమన్నాడు. అప్పుడు పదకొండయింది. పన్నెండుకి భోజనాల బెల్లు.

ఇక అక్కకు చెప్పడం ఎలా? ఆమె కూతురు స్కూల్లో ఉంది. నేను వెళ్ళి ఎడమవైపు, ఆమె నిలబడే చోట నిలబడ్డాను. ఆమె నా కాళ్ళ వంక చూసింది, తర్వాత తెర వంక చూసింది. మొదటి దుప్పటి రోలరు దాటేలోగా చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళిపోయింది. ఏ ఒక్కటీ విడమరిచి చెప్పించుకునే మనిషి కాదు.

ఆ గంట నాకు ఇప్పటికీ చెంపదెబ్బలా గుర్తుంది.

రోలర్ల హోరులో మాటలు వినపడవు. అందుకని ఈ హాల్లో అందరం దుప్పటితోనే మాట్లాడుకుంటాం. ఎడమవైపు మనిషి తన కొసను ఒక్కసారి గుంజితే మరక ఉందని, దొంతరలో పెట్టకుండా పక్కన పడెయ్యమని. రెండు గుంజులంటే చిరుగు, కుట్టుకి పంపమని. మూడు గుంజులంటే రోలరు ఆపమని. కిటికీలన్నీ ఎడమ గోడకే ఉన్నాయి కాబట్టి బట్ట మీది మచ్చ అటునుంచే కనిపిస్తుంది. రోలరు ఆపే ఎర్ర మీట మాత్రం కుడివైపు ఉంటుంది, ఎడమవైపు మనిషికి అందదు. పదకొండేళ్ళలో మూడు గుంజులు నాకు ఒక్కసారే వచ్చాయి, నా కోటు చేయి రోలరు అంచుకు చిక్కుకున్న రోజు. చిక్కుకుందని నాకు తెలియకముందే ఆమెకు తెలిసింది. అందుకే ఈ కథ చెప్పడానికి నాకు రెండు చేతులూ ఉన్నాయి.

ఎడమవైపు నిలబడ్డాక నాకు తెలిసొచ్చింది. మడవడం కాదు అక్కడ పని. చేతులు వాటంతట అవే మడుస్తుంటే కళ్ళు బట్ట మీద పరిగెత్తాలి. అర నిమిషంలో ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్ళాలి, ఆలోగా ఇంకో దుప్పటి వచ్చేస్తుంది. పావుగంటకే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇరవై దుప్పట్లు దాటాక ఏది చూశానో ఏది చూడలేదో నాకే తెలియలేదు. ఒక దుప్పటి సగం మడిచాం. అక్క, వెలుగు సరిగ్గా పడని ఆ కుడివైపు నుంచే, తన కొసను ఒక్కసారి గుంజింది. విప్పి చూస్తే గోరంత గోధుమరంగు మచ్చ. నా ముక్కు కిందనే ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకో చెబుతాను. ఆరేళ్ళ కిందట మా అత్తగారు మంచాన పడ్డప్పుడు వంటా, గిన్నెలూ, బట్టలూ నేను చేసేదాన్ని. అక్క ఆవిడ మంచం పక్కన కూర్చునేది. ఊపిరి చూసేది, పక్కకు తిప్పేది, పెదాలు తడిపేది. ఒకరోజు బంధువులందరూ ఉండగా నా నోరు జారింది. "అలా కూర్చుని చూడటం కూడా ఒక పనేనా, ఈ ఇంట్లో చాకిరీ అంతా నాదే" అన్నాను. అక్క వంగి ఆవిడ పెదాలు తడిపింది. ఆ పూట నుంచి నాతో మాట్లాడటం మానేసింది. ఆరోజు నేను నోటితో అన్నదాన్నే ఇప్పుడు యంత్రం అంకెలతో అంటోంది, అంతే తేడా. యంత్రాన్ని తిట్టే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. తిట్టుకున్నాను కూడా, ఆ గంటసేపూ.

పన్నెండుకి బెల్లు కొట్టింది. రోలర్లు ఆగిపోయాయి. అన్నం డబ్బాలు తీయాల్సిన జనం తెర ముందు మూగారు. అక్క డెబ్భై మూడు. నేను ఐదు.

"అమ్మమ్మో, పెద్దక్కకి ఒక్క గంటలో ఎంత వయసు తగ్గిపోయింది" అంది మూడో రోలరు ఆవిడ. ఆవిడ గుసగుస కూడా బయట రోడ్డు మీదికి వినపడుతుంది కాబట్టి మేం మైకు అని పిలుస్తాం. "చిన్నక్కకేమో కాళ్ళూ చేతులూ పడిపోయాయి పాపం. లీడరు గారికి ఎవరైనా మంచినీళ్ళివ్వండి."

అందరూ నవ్వారు. మైకుకు ఎడమ కొస పట్టే పెద్దాయన మాత్రం నవ్వలేదు. గడియారం చూడకుండా టైము చెబుతాడని ఆయన్ని గడియారం అంటాం. జాబితాలో రెండో పేరు ఆయనది. ఆయన గోడ దగ్గరికి వెళ్ళి జాబితాను వేలితో కింది దాకా చదివి, మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఆరుగురం ఎడమవైపు వాళ్ళమే" అన్నాడు.

అందరూ జాబితా దగ్గరికి జరిగారు. రెండు వారాలుగా ఆ కాగితం గోడ మీదే ఉంది. మాలో ప్రతి ఒక్కరం మా పేరు ఉందా లేదా అని చూసుకుని వచ్చేశాం, లేకపోతే హమ్మయ్య అనుకున్నాం. ఆరు పేర్లూ కలిపి చదివినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు.

మేనేజరు గదిలోంచి వచ్చాడు. కంప్యూటరమ్మాయి తెర పక్కనే నిలబడి ఉంది. నేను ఆ అమ్మాయినే అడిగాను. "దుప్పటిని ఎప్పుడు లెక్కేస్తుందమ్మా ఇది?"

ఆ అమ్మాయి మేనేజరు వంక చూసింది. తర్వాత నిజమే చెప్పింది, పాపం. "దొంతర పక్కన సెన్సరు ఉంటుందండి. దుప్పటి పెట్టినప్పుడు దానికి దగ్గరగా ఉన్న పట్టీని చదువుతుంది."

"దొంతర కుడివైపు కదా."

"అవునండి."

"మరి ఎడమవైపు మనిషి?"

"రెండు వైపులా పెట్టమంటారా అని మొదట్లోనే అడిగానండి. కుడివైపు చాలు అన్నారు."

ఎవరు అన్నారో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, అందరి కళ్ళూ ఆయన మీదికే తిరిగాయి. ఆయన బుకాయిస్తాడనుకున్నాను. పొరపాటు జరిగింది, సరిచేస్తాం అంటాడనుకున్నాను. అలా అని ఉంటే, నిజం చెబుతున్నాను, మేమంతా సరే సార్ అనేసి డబ్బాలు విప్పుకునేవాళ్ళం. మాకు అంత మంచితనం ఉంది. ఆయన మాత్రం దాచడం అనవసరం అనుకున్నట్టున్నాడు.

"సరే, వినండి" అన్నాడు. "వచ్చే నెల రోలర్లకు క్లిప్పులు బిగిస్తున్నాం. ఎడమ కొస క్లిప్పు పట్టుకుంటుంది. రోలరుకు ఒక్క మనిషి చాలు. ఆరుగురు ఎక్కువవుతారు. ఎవరిని తీయాలో నా ఇష్టం వచ్చినట్టు తీస్తే మీరే అన్యాయం అంటారు. అందుకని లెక్క పెట్టించాం."

"ఆరుగురు అని ముందే అనుకుని తర్వాత లెక్క పెట్టారా?" అన్నాను.

"ఎలా పెట్టినా ఆరుగురే కదమ్మా."

"క్లిప్పుకి మరక కనిపిస్తుందా సార్?"

"మరకల సంగతి ఆస్పత్రులవాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళు చూసుకోరు. దాని మీద పడుకున్నవాళ్ళు చూసుకుంటారు" అన్నాను. నీలం బిళ్ళ తీసి తెర కింద బల్ల మీద పెట్టాను. "ఇది అక్క మడిచిన దుప్పట్లకు వచ్చిన బిళ్ళ. నాకొద్దు."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "సరే, నీ మాటే కానీ. యంత్రం లెక్క వద్దు. మీ రోలరు దగ్గర మీరిద్దరే ఉన్నారు, మీరే తేల్చుకోండి. మూడు గంటల టీ బెల్లుకి ఎడమవైపు ఎవరు నిలబడి ఉంటే రేపు వాళ్ళు మురికి గదికి. మిగతా రోలర్లకూ ఇదే మాట. యంత్రం కంటే మీకే న్యాయం ఎక్కువ తెలుసుగా."

ఆ మాటతో ఆరు రోలర్ల దగ్గర ఆరు జతలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాయి. అప్పటిదాకా కలిసి నవ్వినవాళ్ళే. మైకు గడియారం వంక చూసి చప్పున తల తిప్పేసుకుంది. నాకు ఆ చూపు చూస్తే జాబితా చూసిన దానికంటే ఎక్కువ ఒళ్ళు మండింది. ఆయన మా చేతుల్లో పని తీసేస్తే తీసేశాడు, ఆ పాపం కూడా మా చేతే చేయించాలా?

ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు. పన్నెండున్నరకు మళ్ళీ రోలర్లు తిరిగాయి.

నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. నాకు నలభై రెండు, మోకాళ్ళు గట్టివి. పాతిక కిలోల సంచి ఎత్తగలను. పైగా ఆమెకు బాకీ పడింది నేను, ఆరేళ్ళ నాటి మాట ఒకటి. గబగబా నడిచి ఎడమవైపుకి వెళ్ళాను. అప్పటికే అక్క అక్కడ నిలబడి ఉంది.

జరగమన్నట్టు భుజంతో నెట్టాను. ఆమె జరగలేదు. ఇంకాస్త గట్టిగా నెట్టాను. ఆమె మోచేత్తో నా డొక్కలో ఒక్కటిచ్చింది. పదిమందీ గుడ్లప్పగించి చూస్తుండగా, యాభై దాటిన మనిషి, బస్సులో సీటు కోసం పోట్లాడినట్టు నాతో పెనుగులాడింది. చివరికి నా భుజాలు పట్టుకుని తిప్పి, కుడివైపుకి తోసేసింది. నేను వెళ్ళి నా చోట పడ్డాను.

ఏడుపొచ్చింది. త్యాగం చేస్తోంది అనుకున్నాను. రేపటి నుంచి ఆ మోకాళ్ళతో సంచులు మోసి, ఇంటికొచ్చి, నాతో ఒక్క మాట కూడా అనకుండా పడుకుంటుంది. నేను జీవితాంతం ఆ మౌనం ముందు అన్నం తినాలి. మంచివాళ్ళ మీద వచ్చే కోపం ఉంటుంది చూడండి, దానికి మందు లేదు.

దుప్పటి వచ్చింది. కొసలు అందుకున్నాం. నేను ఆమె ముఖం వంక చూడకుండా బట్టనే చూస్తున్నాను.

నా చేతుల్లో ఒక గుంజు. మరక కోసం వెతికాను. లేదు. రెండో గుంజు. చిరుగూ లేదు.

మూడోది వచ్చింది.

అప్పుడు తలెత్తాను. ఆమె నా కళ్ళల్లోకే చూస్తోంది. నా కోటు చేయి ఎక్కడా చిక్కుకోలేదు. ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. నేను పనిలో చేరిన మొదటిరోజు గుర్తొచ్చింది. ఆ వేడికీ ఆ హోరుకీ నేను గడగడలాడుతుంటే, అప్పటిదాకా తను నిలబడిన కుడివైపును నాకు వదిలేసి, "మీట పక్కన నిలబడు. భయమేస్తే ఆపుకో, నేను చూసుకుంటా" అంది. అక్క నన్ను తోసింది మురికి గది నుంచి తప్పించడానికి కాదు. మీట దగ్గరికి తోసింది.

ప్రతి రోలరు మీట పైనా ఎర్ర అక్షరాల బోర్డు ఉంది. కారణం లేకుండా రోలరు ఆపినవారు ఆ రోజే పనిలోంచి తొలగించబడుదురు. పదకొండేళ్ళుగా రోజూ చదువుతున్న బోర్డు. ఇంకోసారి చదివి, మీట కిందికి లాగేశాను.

రోలరు మూలిగి ఆగిపోయింది. మా నెత్తిన గంట గణగణమంది. తెర మీద అంకెలు పోయి, ఒక వాక్యం వచ్చింది: ఆపినవారు తమ పట్టీని ఇక్కడ తాకించండి. తాకిస్తే పేరు నమోదవుతుంది, రోలరు తిరుగుతుంది. తాకించేదాకా తిరగదు. దాన్ని అలా తయారుచేసింది కూడా వాళ్ళే.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఎవరు? ఎవరు ఆపారు?"

అక్క నింపాదిగా తన పట్టీ విప్పింది. చెయ్యి చాపింది. నేనూ నాది విప్పి ఆ చేతిలో పెట్టాను. రెండూ దుప్పటి మధ్యలో పెట్టి, కొసలు అందుకుంది, నావి నేను అందుకున్నాను. పదకొండేళ్ళుగా మడుస్తున్నట్టే కలిపి మడిచాం. దాన్ని దొంతర మీద పెట్టలేదు. అక్క రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడింది.

"ఇద్దరం సార్" అన్నాను. "ఇద్దరి పేర్లూ రాసుకుంటుందేమో అడగండి దాన్ని."

"అది ఒక్క పేరే తీసుకుంటుంది. ఆడుకోవద్దు. ఆపిన చెయ్యి ఎవరిది?"

నేను నోరు తెరిచేలోగా పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. హాల్లో ఇంకా ఐదు రోలర్లు హోరెత్తుతూనే ఉన్నాయి. అయినా వినిపించింది. ఆరేళ్ళ తర్వాత కూడా ఆ గొంతు మారలేదు.

"భయమేసిందా?" అంది అక్క. మేనేజరును కాదు, నన్ను.

"లేదు."

"మరి ఎందుకు ఆపావు?"

"నువ్వు చెప్పావుగా."

ఆమె తలాడించింది. పెదాల చివర ఏదో కదిలింది, నవ్వనుకుంటాను, అలవాటు తప్పిపోయింది కాబట్టి గట్టిగా చెప్పలేను. నాకు మాత్రం కళ్ళ ముందు హాలంతా అలుక్కుపోయింది. ఆనాడు అన్న మాటకు ఆరేళ్ళుగా నా నోట్లోనే మగ్గుతున్న క్షమాపణ ఒకటి ఉంది. ఇంటికెళ్ళాక చెప్పాలనుకున్నాను. ఈలోగా చెయ్యాల్సింది వేరే ఉంది.

మేనేజరు ఫోను తీశాడు. "ఒక్క రోలరు ఆగితే లాండ్రీ ఆగదు. మిగతా ఐదూ తిరుగుతున్నాయి చూసుకోండి. సెక్యూరిటీని పిలుస్తున్నాను, మీ ఇద్దరూ గేటు బయటికి నడవండి."

ఆయన చెప్పింది నిజమే. ఐదు తిరుగుతున్నాయి. ఒక్కటి ఆగితే అది ఇద్దరు ఆడవాళ్ళ పిచ్చి. అక్క ఆయన వంక చూడనే లేదు. ఆమె చూపు పక్క రోలరు మీద ఉంది, నేనూ అటే చూశాను.

అక్కడ మైకు కుడి కొస పట్టుకుని నిలబడి ఉంది, నోరు మూసుకుని. ఆవిడ అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా గడియారం, ఎడమ కొస వేళ్ళకు చుట్టుకుని, మడవకుండా ఆగిపోయాడు. ఆయన మైకునే చూస్తున్నాడు. వాళ్ళ మధ్య దుప్పటి బిగిసి ఉంది.

దుప్పటి ఒకసారి కదిలింది. మరక కావచ్చు.

మళ్ళీ కదిలింది. చిరుగు కావచ్చు. మైకు చెయ్యి మీట దాకా వెళ్ళి, బోర్డు కింద, గాలిలో ఆగింది.

నేను చూస్తున్నాను. అక్క చూస్తోంది. ఎందుకు చూడాలో తెలియకపోయినా, ఫోను చెవి దగ్గర పెట్టుకుని మేనేజరు కూడా ఆ దుప్పటినే చూస్తున్నాడు.